దానికి చలి ఎవరు పోస్తారు?

ఆ రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగిన ప్రతివాడూ ఏదో ఒక కంపెనీకి వాటాదారుడే. తొంభైల నడిమి కాలం. ఆత్మకూరు బస్టాండు పక్కన జిరాక్సు కొట్టులో, అంతకుముందు లాటరీ టిక్కెట్లు వేలాడిన దారానికే షేర్ల దరఖాస్తు ఫారాలు వేలాడేవి. రొయ్యల కంపెనీ, గులాబీల కంపెనీ, గ్రానైటు కంపెనీ... జన్మలో వాటి గేటు చూడని మనుషులు బస్సు కోసం నిలబడి వాటి భవిష్యత్తు గురించి గొంతులు చించుకునేవారు. ఎరువుల కొట్టు గుమాస్తా, బస్సు కండక్టరు, బళ్ళో పంతులు, ఎవరు ఎదురుపడినా "బాగుండావా" అనడం మానేసి "అలాట్‌మెంటు వచ్చిందా" అని పలకరించేవారు. వాళ్ళను వెక్కిరించడానికి కలం పట్టాననుకోకండి. వాళ్ళు మామూలు మూర్ఖులు. నేను డిగ్రీ చదివిన మూర్ఖుణ్ణి, పైగా మోకాళ్ళూని ప్రార్థన చేసుకుని మరీ మూర్ఖుణ్ణయినవాణ్ణి. ఈ రెండో రకం కాస్త అరుదు కనుక రాసిపెట్టడం మంచిది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. బి.ఎస్సీ. ఫిజిక్సు. ఆత్మకూరులో ఒక ప్రైవేటు బళ్ళో సైన్సు చెప్పేవాణ్ణి. శనివారం సాయంత్రం బస్సెక్కి ఉదయగిరి కొండ కింద మా పాలేనికి వచ్చి, ఆదివారం ఉదయం పిల్లలకు సండే స్కూలు నడిపేవాణ్ణి. (వారమంతా ఐదువందల మంది విననిది ఆదివారం పాతికమంది వింటారని నా నమ్మకం.) నన్ను పెంచింది మా అవ్వ. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళకు ఒక వాడుక ఉంది. పొయ్యి మీద ఎసరు మరిగి బియ్యం పోసేటప్పుడు, ఇంట్లో ఎందరున్నా, ఎంత కరువున్నా, ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. అది దేవుడి పిడికెడు. ఆదివారం ఆ బియ్యమంతా గుడికి తెచ్చి ఒకచోట పోస్తే, అవ్వ కొలిచి, అమ్మి, పోస్టాఫీసులో వేసేది. ఆ పెత్తనం ఆమెది. ఏడేళ్ళుగా పోగవుతున్న ఆ బియ్యం డబ్బు ఒకే పనికి: గుడికి కప్పు వేయడానికి. దొరల కాలంలో పరిచిన పెంకులు సగం పగిలిపోయి, వాన వస్తే సంఘమంతా గోడలవైపు సర్దుకుని గొర్రెల్లా నిలబడేది. ఇంకొక ఏడాది పిడికిళ్ళు పడితే స్లాబు వేయించుకోవచ్చని అవ్వ లెక్క.

ఆ సమయంలో వచ్చాడు మా ఫారాల బావ. వరసకు మా పెద్దమ్మ కూతురి మొగుడు. మొదట బీమా పాలసీలు కట్టించాడు, తర్వాత నీళ్ళు వడకట్టే యంత్రాలు అమ్మాడు, ఇప్పుడు చంకలో తోలుసంచి, సంచినిండా ఫారాలు, ప్రతి ఫారం మీదా తన రబ్బరు ముద్ర. నింపిన ఫారానికి ఇంతని అతనికి ముడుతుంది. ఆత్మకూరులో నా గదికి వచ్చి, మంచం మీద కూర్చుని, నున్నటి కాగితం మీద అచ్చువేసిన ఒక పుస్తకం నా ముందు తెరిచాడు. లోపల గాలిలో తేలుతున్న రైలు బొమ్మ. దాని పక్కన తెల్లకోటు తొడుక్కున్న ఒక దొర, చేతిలో ఒక నల్ల బిళ్ళ.

"బామ్మర్దీ, ఇదేందో నీకే అర్థం కావాల. మాబోటోళ్ళకు అందేది కాదు," అన్నాడు.

అందులో ఉన్నది హై టెంపరేచర్ సూపర్ కండక్టర్. మా పుస్తకాల తెలుగులో అతివాహకం. మామూలు రాగితీగలో కరెంటు పోతుంటే దారిలో కొంత వేడిగా మారి వృథా అవుతుంది. అతివాహకంలో ఆ నష్టం ఉండదు, ఎంత పంపితే అంతా చేరుతుంది. ఆ కంపెనీ అలాంటి తీగ తయారుచేయబోతోందట. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా గుర్తుపట్టేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నేను ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, నష్టభయాల గురించి చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న నాలుగు పేజీలు మాత్రం వదిలేసి, రెండుసార్లు చదివాను.

"ఇట్టాంటి కంపెనీకి జిల్లాకొక సాంకేతిక సలహాదారుడు కావాలంట. నీ పేరు చెప్పి ఉండా," అని బావ లేస్తూ లేస్తూ అన్నాడు. ఆ మాటతో నేను పడిపోయాను. ఆ వారం నోటుపుస్తకం వెనక పేజీల్లో సంతకం కింద 'సాంకేతిక సలహాదారు' అని రాసి చూసుకున్నాను. బాగానే కనిపించింది.

నా జీతంలోంచి తీసి ఆ షేర్లలో పెట్టి ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. కానీ దీవెన ఒక్కణ్ణే అనుభవించడం స్వార్థం కదా! పై ఆదివారం మా పాస్టరు అయ్యగారు (మంచివారు, నా ఇంగ్లీషు మీద ఆయనకు అకారణమైన గౌరవం) ప్రసంగానికి నాకు అవకాశమిచ్చారు. నేను తలాంతుల ఉపమానం ఎత్తుకున్నాను. యజమాని ఇచ్చిన సొమ్మును మట్టిలో పాతిపెట్టిన సోమరి దాసుణ్ణి తిట్టాను. తిడుతూ తిడుతూ పోస్టాఫీసు కూడా ఒక రకంగా మట్టేనని తేల్చాను. పాపం అనేది రాగితీగలోని నిరోధం వంటిదన్నాను. కృప అతివాహకమన్నాను. అప్పట్లో మా పాలెంలో సాయంత్రం బల్బు వెలిగిందో లేదో చూడటానికి అగ్గిపుల్ల గీయాల్సి వచ్చేది. "కరెంటు నెల్లూరులో బయల్దేరి మనదాకా వచ్చేలోపల అలిసిపోతుంది. ఈ తీగ వస్తే అలుపు లేదు," అన్నాను. ఆమెన్లు బాగానే పడ్డాయి.

ప్రసంగం కాగానే ఒక పెద్దామె అడిగింది: "నాయనా, మన ఎండలకు కొండరాళ్ళే పగులుతుండాయే, ఆ తీగ తట్టుకుంటాదా?"

"దాని పేరులోనే ఉండాది గదమ్మా, హై టెంపరేచర్ అని," అన్నాను.

ఇక్కడ నా పాపం ఒప్పుకోవాలి. ఆ 'హై' అన్నది శాస్త్రజ్ఞుల 'హై'. నీళ్ళు గడ్డకట్టే చోటికి ఇంకా నూట ఎనభై డిగ్రీల కింద ఉంటే వాళ్ళకు అది ఎండాకాలం. ఈ సంగతి నాకు తెలుసు. నేను అబద్ధమాడలేదు, నిజంలో కొంత తీసి జేబులో దాచుకున్నానంతే. (అమ్మిన పొలం డబ్బులో కొంత దాచుకుని అపొస్తలుల కాళ్ళ దగ్గర కూలిపోయిన భార్యాభర్తల కథను సండే స్కూల్లో చెప్పేది నేనే. పిల్లలు భయపడేలా చెప్పేవాణ్ణి.)

బియ్యం డబ్బు ఆ షేర్లలో పెట్టడానికి సంఘపెద్దలు మెత్తబడ్డారు. అవ్వ మెత్తబడలేదు. "కంటితో చూపించమను," అన్నది. బావ దానికీ సిద్ధమే. ఎక్కువ ఫారాలు తెచ్చిన ఏజెంట్లకు కంపెనీ ఒక పెట్టె పంపిందట: ఒక నల్ల బిళ్ళ, కందిబద్దంత అయస్కాంతం, థర్మోకోల్ గిన్నె, ప్లాస్టిక్ పట్టకారు. బిళ్ళను ద్రవ నైట్రోజన్‌లో ముంచితే దాని మీద అయస్కాంతం గాలిలో తేలుతుంది. ద్రవ నైట్రోజన్ ఎక్కడిది? పట్నాల్లో గ్యాసు ఫ్యాక్టరీల్లో దొరుకుతుంది. మా వైపు దొరికేది ఒక్కచోటే, పశువుల డాక్టర్ల దగ్గర. మేలుజాతి ఎద్దుల బీజాన్ని చెడకుండా అందులో ఉంచి, అవసరమైన ఆవుకో బర్రెకో చూడి కట్టించే సూది వేస్తారు. (ఇంతకంటే వివరంగా ఈ వయసులో కూడా రాయలేను.) మా సూదుల చిన్నాయన ఆ పనే చేసేవాడు, మా గుళ్ళో పాటలకు బాస్, అంటే కింది గొంతు, పాడేవాడు. పారేయడానికి పక్కన పెట్టిన కొద్దిపాటి నైట్రోజన్ తెస్తానని మాటిచ్చాడు.

ఆ ఆదివారం ప్రేమవిందు కూడా. గుడి వెనక సాంబారు ఉడుకుతోంది. ఆరాధన ముగిసింది. అందరూ బెంచీల మీద సర్దుకున్నారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, "మనం ఇప్పుడు సృష్టి రహస్యాన్ని చూడబోతున్నాం," అని మొదలుపెట్టాను. అప్పుడే సూదుల చిన్నాయన లూనా దిగి, మూతి సన్నగా పొట్ట లావుగా ఉన్న అల్యూమినియం డబ్బాను మోసుకుంటూ నడిమి దారిన వచ్చాడు. పాలెంలో పాడిపశువు ఉన్న ప్రతి ఇంటికీ ఆ డబ్బా తెలుసు.

మూడో వరసలోంచి ఒకామె, "మేయ్, అది మా బర్రెకాడికి తెచ్చిన డబ్బా గదా!" అన్నది.

ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మగవాళ్ళు కుక్కుకోవడానికి ఏమీ లేక బాహాటంగా నవ్వారు. అయ్యగారు పాటల పుస్తకంలో ఏదో వెతకడం మొదలుపెట్టారు. చిన్నాయన చిరాకుపడి, "గమ్మునుండండమ్మా! అది వేరే డబ్బా, ఇది వేరే డబ్బా. దీంట్లో వట్టి చలి తప్ప ఏమీ లేదు," అని ప్రకటించాడు. సృష్టి రహస్యానికి అంతకంటే మంచి పరిచయం నేను ఈనాటి వరకూ వినలేదు.

గిన్నెలో పోయగానే తెల్లటి పొగ బెంచీ మీదుగా జారి ముందువరస కాళ్ళ మీద పడింది. బిళ్ళ మునిగింది. అయస్కాంతాన్ని పెట్టబోతే ప్లాస్టిక్ పట్టకారు ఆ చలికి పటుక్కున విరిగి సగం నా చేతిలో, సగం గిన్నెలో. ఇనప పట్టకారు వాడితే అయస్కాంతం దాన్నే పట్టుకుంటుంది. బావ నా వైపు చూశాడు, నేను బావ వైపు చూశాను. అవ్వ లేచి వెనక్కి వెళ్ళి, సాంబారు కలిపే గరిటె కడిగి తెచ్చింది. మా ఉదయగిరి వాళ్ళు చెక్కిన చెక్క గరిటె. "ఇదిగో, దీంతో పెట్టు," అన్నది. అయస్కాంతాన్ని దాని చివరన పెట్టి బిళ్ళ మీద వదిలాను.

తేలింది. నిజంగానే తేలింది! నిలబెట్టిన బియ్యపు గింజంత ఎత్తున, కింద ఏమీ లేకుండా. అయ్యగారు "స్తోత్రం!" అన్నారు. సంఘం "స్తోత్రం!" అన్నది. నేను దాని కింద తెల్లకాగితం దూర్చి చూపించాను. బావ కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు నేను కూడా ఏడ్చానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ చిన్న తునక ఇప్పటికీ అందంగానే గుర్తుంది. అందులో మోసం లేదు. మోసమంతా దాని చుట్టూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని నిలబడినవాళ్ళలో ఉంది. కాసేపటికి పొగ పలచబడింది. అయస్కాంతం వాలింది, టక్కుమని బిళ్ళ మీద పడింది.

అవ్వ గిన్నెలోకి తొంగిచూసింది. "చలి అయిపోయిందా?"

"అయిపోయిందవ్వా."

"వేడికి తట్టుకుంటాదన్నావే? ఇది చలి లేకుంటే లేవనే లేవలా. కందిబద్ద లేసేదానికి ఒక డబ్బా చలి తాగినాది. మరి ఈణ్ణించి నెల్లూరుదాకా తీగ వేస్తే, ఆ పొడుగునా దానికి చలి ఎవురు పోస్తారురా?"

పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో కోట్లు ధారపోసి కొట్టుకుంటున్న ప్రశ్న అదే. మా అవ్వ నాలుగు వాక్యాల్లో అడిగింది. అడిగి, జవాబు కోసం నా ముఖంలోకి చూసింది. నేనేమన్నానో వినండి. "అదంతా కంపెనీవాళ్ళు చూసుకుంటారవ్వా," అన్నాను. అంతటితో ఆగానా? లేదు. అందరి ముందు పరువు పోతోందన్న ఉక్రోషంతో, "నీకు నమ్మకం లేదా?" అని కూడా అన్నాను.

అవ్వ గరిటె తుడుచుకుంటూ, "దేవుడి మీద ఉండాది. నీ మీద కూడా ఉండాది. అదేరా నాకొచ్చిన తిప్పలు," అన్నది. మరుసటి సోమవారం పోస్టాఫీసుకు వెళ్ళి, బైబిలు చదవడం కోసం నేర్చుకున్న అక్షరాలతో ముత్యాల్లాంటి సంతకం చేసి, ఏడేళ్ళ పిడికిళ్ళు తీసి నా చేతిలో పెట్టింది. సంఘం పేరున ఫారం చెల్లదని బావ చెప్పినందువల్ల నా పేరుతోనే వేశాం.

ఆ రోజుల్లో అడిగినన్ని షేర్లు ఎవరికీ ఇచ్చేవారు కాదు. అడిగేవాళ్ళు ఎక్కువ, ఉన్నవి తక్కువ. వెయ్యి అడిగితే వంద విదిల్చి మిగతా డబ్బు వెనక్కి పంపేవారు. అందుకని నేను పూర్తి అలాట్‌మెంటు కోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టించాను. ఎండలో కూలికి పోయొచ్చిన మనుషులు అన్నం మానుకుని, అర్థం తెలియని ఒక ఇంగ్లీషు మాటను దేవుడి ముందు పెట్టి కన్నీళ్ళతో అడిగారు. ఇది గుర్తొస్తే మాత్రం నాకు నవ్వు రాదు.

దేవుడు విన్నాడు. ఒక్కటి తగ్గకుండా అడిగినన్నీ వచ్చాయి. రంగురంగుల సర్టిఫికెట్లు పట్టుకుని గుళ్ళో నిలబడి సాక్ష్యం చెప్పాను. సోమవారం ఆత్మకూరు వెళ్ళి అదే సాక్ష్యం జిరాక్సు కొట్టాయనకు కూడా చెప్పాను. ఆయన మిషను మూత వేసి నా వైపు జాలిగా చూశాడు.

"అడిగినన్నీ ఇచ్చినారా? సారూ, పెండ్లికి అందర్నీ పిలిచి ఎవురూ రాలేదనుకో, వచ్చిన ఒక్కడికి విస్తరి పట్టనంత పెడతారు."

మాంసం మాంసమని ఏడ్చినవాళ్ళకు అరణ్యంలో పూరేడు పిట్టలు గుట్టలుగా కురిశాయి, పళ్ళ సందున ఉండగానే తెగులు వచ్చింది. ఆ కథ నాకు కంఠతా వచ్చు. కానీ అది మోషే కాలంలోని బుద్ధిలేనివాళ్ళ కథ అనుకునేవాణ్ణి.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. పది రూపాయల షేరు ఆరయింది, మూడయింది, తర్వాత పేపర్లో ఆ పేరే అచ్చువేయడం మానేశారు. ఏడాదికి ఒక నున్నటి పుస్తకం వచ్చింది. అందులో దొర లేడు, రైలు లేదు. తీగ తయారీ 'ప్రస్తుతానికి' వాయిదా వేసి రొయ్యల చెరువులు తవ్వుతున్నామని ఉంది. ఆ ఏడే రొయ్యలకు రోగం వచ్చింది. నేను రాసిన నాలుగు ఉత్తరాల్లో మూడు తిరిగొచ్చాయి. నాలుగోది కూడా తిరిగొచ్చేదే, బహుశా పోస్టుమాన్‌కు విసుగొచ్చి ఉంటుంది. బావ టేకుమొక్కల పథకంలోకి మారిపోయాడు. గుళ్ళో ముందు బెంచీలోనే కూర్చునేవాడు. అడిగితే, "అంతా దేవుడి చిత్తం బామ్మర్దీ," అనేవాడు. తన కమీషను మాత్రం దేవుడి చిత్తానికి వదిలేసినట్టు లేడు.

ఆ కార్తెల్లో వాన పట్టుకుంది. అయ్యగారు ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో బైబిలు పట్టుకుని నోవహు ఓడ గురించి ప్రసంగించారు (ఎగతాళికి కాదు, ఆ వారం పాఠం అదే). నీళ్ళు కారేచోట అవ్వ వంటపాత్రలు పెట్టింది. అవి నిండితే తీసుకెళ్ళి బయట పారబోసి మళ్ళీ పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆరాధన ముగిశాక మాత్రం పెద్ద బియ్యం డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇంక నుంచి ఇంటింటికీ నువ్వే తిరుగు. మా ఆడోళ్ళం రెండు పిడికిళ్ళు వేస్తాం."

"మగవాణ్ణి, బడిపంతుల్ని, డబ్బా పట్టుకుని తిరగాలా అవ్వా?"

"ఉపవాసం పెట్టించింది మగోడే గదా. ఆ అన్నం ఇప్పుడు అడుక్కో."

తిరిగాను. ఒక నెల కాదు, ఆరేళ్ళు. ప్రతి ఆదివారం, ప్రతి గడప. బియ్యం పోస్తూ, "తీగ వచ్చిందా సారూ?" అని ఒకామె. "చలి దొరికిందా నాయనా?" అని ఒకామె. "మా బర్రె ఈనింది, నీ బిళ్ళ సంగతి ఏమాయ?" అని మూడో వరసామె. ఈలోగా నాకు పెళ్ళయింది. కొత్త పెళ్ళాం మొదటి ఆదివారమే ఆ ప్రశ్నలు విని, ఇంటికొచ్చి, "మీరు ఏం చేసినారేంది?" అని అడిగింది. చెప్పాను. రెండు రోజులు నవ్వింది. ఆ సర్టిఫికెట్లను అవ్వ పారేయనివ్వలేదు. మందపాటి కాగితమని బియ్యం డబ్బా అడుగున పరిచింది. తడి పట్టకుండా బాగా పనిచేశాయి. అవి చేసిన పని అదొక్కటే.

చివరికి స్లాబు పడింది. దాని కింద తొలి వాన రోజు సంఘమంతా పైకే చూస్తూ కూర్చుంది. ఒక్క చుక్క రాలేదు. అవ్వ కాసేపు చూసి, "చుక్క పడకుంటే ప్రసంగంలో నిద్ర వస్తా ఉండాదిరా," అన్నది. ఆమె నోట నేను విన్నవాటిలో 'నిన్ను క్షమించాను' అన్నదానికి దగ్గరగా వచ్చిన మాట అది. తర్వాత రెండేళ్ళు ఆమె ఆ కప్పు కిందే కూర్చున్నది, ఆ కప్పు కిందనుంచే మేము ఆమెను మోసుకెళ్ళాం.

మొన్నీమధ్య నడుంనొప్పికని నెల్లూరులో స్కానింగు తీయించుకోమన్నారు. గొట్టంలాంటి పెద్ద యంత్రం. నన్ను బల్ల మీద పడుకోబెట్టి లోపలికి తోస్తూ, ఆ మిషను నడిపే అబ్బాయి, "భయం లేదు సార్, లోపల ఉన్నది ఒట్టి అయస్కాంతమే. సూపర్ కండక్టర్ అంటారు, ఎప్పుడూ చల్లగా ఉంచాల," అన్నాడు.

"అబ్బయా, దానికి చలి ఎవరు పోస్తారు?" అని అడిగాను.

అతను పరధ్యానంగా బటన్లు నొక్కుతూ, "అదంతా కంపెనీవాళ్ళు చూసుకుంటారు సార్," అన్నాడు.

ఆ చీకటి గొట్టంలో పడుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని చేతిలో చెక్క గరిటె పట్టుకున్న ఒక కుర్ర సాంకేతిక సలహాదారుణ్ణి తలుచుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా ఛీ కొడుతూనే ఉన్నాను వాణ్ణి. ఆ రోజు మొదటిసారి వాడి భుజం తట్టాలనిపించింది. పొట్ట కదిలిపోతుంటే ఆపుకోలేకపోయాను. గొట్టంలోని స్పీకరు గరగరలాడింది.

"సార్, నవ్వొద్దు సార్. బొమ్మ చెదిరిపోతా ఉండాది."